ఇద్దరు కొన్న పాత కారు... చట్టం దృష్టిలో ఒక్కరిదే

జంషెడ్‌పూర్: మధ్యతరగతి కుటుంబాలు ఒకనాడు ఏళ్ల తరబడి నిరీక్షించి కొనుక్కున్న అంబాసిడర్, ఫియట్ కార్లు ఇప్పుడు ఒక్కొక్కటిగా 'వింటేజ్' హోదాకు అర్హత పొందుతున్నాయి. తొలి రిజిస్ట్రేషన్ జరిగి యాభై సంవత్సరాలు దాటిన, వ్యాపారానికి వినియోగించని ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలను వింటేజ్ వాహనాలుగా గుర్తిస్తూ కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ 2021 జులైలో నిబంధనలు జారీ చేసింది. ఆనాడు అది మహారాజుల రోల్స్‌రాయిస్‌లకు సంబంధించిన వ్యవహారంగానే తోచింది. అయితే 1975లో రోడ్డెక్కిన కారుకు 2025లో యాభై ఏళ్లు నిండాయి. డాక్టరుగారి ఫియట్, కాంట్రాక్టరుగారి అంబాసిడర్ కూడా ఇప్పుడు ఆ కోవలోకే వస్తాయన్నమాట.

అటువంటి కారును కొని, జీతాల్లో మిగిలిన దానితో ఏడాదికి కొంతగా బాగుచేసుకోదలచిన దంపతులకు జంషెడ్‌పూర్‌లో ఉన్నన్ని అనుకూలతలు దేశంలో చాలా నగరాల్లో లేవు. చిక్కులూ తక్కువేమీ కాదు. తుప్పు, విడిభాగాల కొరత, పెట్రోలులో వచ్చిన మార్పులు అందరికీ తెలిసినవే. వీటన్నిటికన్నా ఆలస్యంగా బయటపడే చిక్కు మరొకటి ఉంది. ఇద్దరి డబ్బుతో, ఇద్దరి శ్రమతో నిలబడిన బండికి మోటారు వాహనాల చట్టం ఒక్కరినే యజమానిగా గుర్తిస్తుంది.

లారీల ఊరికి కారు ఎక్కడినుంచి?

టాటాల ఉక్కు కర్మాగారం చుట్టూ వెలసిన ఈ పట్టణానికి 1919లో జంషెడ్జీ టాటా పేరు పెట్టారు. టెల్కో సంస్థ 1945లో ఇక్కడే ఆవిర్భవించి మొదట రైలు ఇంజిన్లు, బాయిలర్లు తయారుచేసింది. 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ సంస్థతో ఒప్పందం కుదుర్చుకుని లారీల నిర్మాణం చేపట్టింది. ఆ ఒప్పందం 1969 వరకు సాగింది. తెలుగునాట పాతతరం వారు 'బెంజి లారీ' అని పిలిచినవి ఈ ఊరి నుంచి వచ్చినవే. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వలస వచ్చి ఈ కర్మాగారాల్లో పనిచేసిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఇక్కడ స్థిరపడి ఉన్నాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్రుల రామమందిరం ఇందుకు సాక్ష్యం.

కాగా, కార్ల విషయానికి వస్తే జంషెడ్‌పూర్ తయారీదారు కాదు, కొనుగోలుదారు మాత్రమే. అరవయ్యో, డెబ్బయ్యో దశకాల్లో దేశంలో చెప్పుకోదగిన కార్ల తయారీదారులు ముగ్గురే. కలకత్తా సమీపంలోని ఉత్తర్‌పాడాలో హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్‌ను, బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ ఫియట్‌ను, మద్రాసులో స్టాండర్డ్ మోటార్స్ హెరాల్డ్‌ను తయారుచేసేవి. ఫియట్‌కు 1974లో 'పద్మిని' అని పేరు మార్చారు. హెరాల్డ్ తయారీ 1971తో ముగిసింది. పద్మిని 2000 ప్రాంతంలో, అంబాసిడర్ 2014 మే నెలలో నిలిచిపోయాయి. అంబాసిడర్ పేరును హిందుస్థాన్ మోటార్స్ 2017లో ఫ్రెంచి సంస్థ ప్యూజోకు రూ. 80 కోట్లకు అమ్మివేసింది.

టాటాల ఇంట కారుకూ, కల్యాణానికీ ముడిపడిన ముచ్చట ఒకటి ప్రసిద్ధం. టాటా సంస్థలకు దీర్ఘకాలం సారథ్యం వహించిన జె.ఆర్.డి. టాటా యువకుడిగా ఉన్నప్పుడు బొంబాయిలో బుగాటీ కారును అతివేగంగా నడిపిన కేసులో చిక్కుకుని జాక్ వికాజీ అనే న్యాయవాదిని ఆశ్రయించారు. ఆయన బంధువు థెల్మా వికాజీతో పరిచయం ఆ సందర్భంలోనే ఏర్పడింది. 1930 డిసెంబరులో వారి వివాహం జరిగింది. కారు కొని పెళ్లిదాకా వచ్చిన ఉదంతం అది. పెళ్లయిన తరువాత కారు కొనేవారి సంగతి వేరు.

కొనుగోలులోనే సగం బాగోగులు

ఊళ్లో అనువైన కారు దొరకని పక్షంలో అన్వేషణ సాధారణంగా సుమారు 250 కిలోమీటర్ల దూరంలోని కలకత్తాకు చేరుతుంది. పాత విడిభాగాల వ్యాపారానికి పేరుపొందిన మల్లిక్ బజార్ అక్కడే ఉంది. స్టేట్స్‌మన్ పత్రిక దశాబ్దాలుగా నిర్వహిస్తున్న వింటేజ్ కార్ల ర్యాలీ మూలంగా పాత కార్ల యజమానులు, మెకానిక్కులు ఒకరికొకరు ఎరుకైన నగరం కూడా అదే. అయితే పశ్చిమ బెంగాల్‌లో రిజిస్టరైన కారును తెచ్చుకునేవారు అక్కడి రవాణా అధికారుల నుంచి నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. బండి 12 నెలలకు మించి జార్ఖండ్‌లో ఉండిపోతే ఇక్కడి నంబరు పొందాలి. ఊళ్లోని కారుకైతే ఈ బెడద లేదు. కానీ 2000 నవంబరు 15న జార్ఖండ్ రాష్ట్రం ఏర్పడకముందు రిజిస్టరైన కారు కాగితాలన్నిటి మీద బీహార్ ముద్రే ఉంటుంది. ఆ పాత రికార్డు కార్యాలయంలో దొరుకుతుందో లేదో సొమ్ము చేతులు మారకముందే విచారించుకోవడం మంచిది.

రిజిస్ట్రేషన్ పత్రంలోని ఇంజిను నంబరు, చాసిస్ నంబరు బండి మీద చెక్కి ఉన్న వాటితో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. ఈ ఒక్క పరీక్షలో తప్పిన కారు ఎంత అందంగా ఉన్నా, ఎంత చవకగా వచ్చినా వదులుకోవలసిందే. బండిని పదేళ్లపాటు బాగుచేసినా కాగితాన్ని బాగుచేయడం సాధ్యపడకపోవచ్చు.

ఆ తరువాతి పరీక్ష తుప్పు. జంషెడ్‌పూర్ సువర్ణరేఖ, ఖర్కాయ్ నదుల సంగమ ప్రాంతం. వానకాలం నాలుగు నెలలూ తడి ఆరదు. అంబాసిడర్, పద్మిని కార్లకు లారీకి ఉన్నట్లు వేరే చాసిస్ చట్రం ఉండదు. పైకి కనిపించే రేకుల డొక్కే కారు బరువును మోస్తుంది. కనుక తలుపుల కింది అంచులు, పాదాల కింది రేకు, జాకీ పెట్టే చోటు తుప్పు తినిపోయాయంటే కారుకు వెన్నెముక విరిగినట్లే. హెరాల్డ్ కారుకు మాత్రం వేరే చట్రం, దానిపై బోల్టులతో బిగించిన బాడీ ఉంటాయి. విప్పి బాగుచేయడం సులువు. అయితే దాని విడిభాగాలు దొరకడం అంతకంతకూ కష్టం. పుట్టీ పూసి రంగువేసిన తుప్పును కనిపెట్టడానికి మెకానిక్కులు పాటించే పద్ధతి తేలికైనదే. పలుచటి బట్టలో చుట్టిన చిన్న అయస్కాంతాన్ని బాడీ మీద జరుపుతూ పోతే రేకు ఉన్నచోట అంటుకుంటుంది, పుట్టీ ఉన్నచోట జారిపోతుంది. భార్యాభర్తల్లో ఒకరు ఇంజిను మోతకు ముగ్ధులవుతున్నప్పుడు రెండోవారు పాదాల కింద పరచిన తివాచీని ఎత్తి చూడటం ఇద్దరికీ క్షేమం.

ఇంజిను పాడైతే భయపడవలసింది అంతగా లేదు. అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజినును, పద్మినిలోని 1089 సీసీ ఇంజినును విప్పి, బోరు చేసి, మళ్లీ బిగించగల చేతులు ఇప్పటికీ ఉన్నాయి. ఖర్కాయ్ నదికి ఆవలి ఒడ్డున ఉన్న ఆదిత్యపూర్ పారిశ్రామికవాడలో లారీల విడిభాగాలు తయారుచేసే చిన్న పరిశ్రమలు వందల సంఖ్యలో ఉన్నాయి. బజారులో దొరకని పిన్నునో, బుష్‌నో పాత నమూనా చూసి లేత్ మీద తిప్పి ఇవ్వగల నైపుణ్యం ఆ వాడలో ఉంది. మరోచోట ఇదే పనికి నెలలు పట్టవచ్చు.

రంగు చివర, బ్రేకులు ముందు

పాత కారు కొన్నవారు చేసే తొలి పొరపాటు రంగు వేయించడం. మొదటి సంవత్సరం ఖర్చు బ్రేకులు, స్టీరింగు, టైర్లు, విద్యుత్ తీగల మీద పెట్టడం వివేకం. అప్పటి కార్లలో సాధారణంగా నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. బ్రేకు నూనెను మోసే గొట్టాల వ్యవస్థ ఒకటే కావడంతో ఎక్కడ ఒకచోట పగిలినా మొత్తం బ్రేకులు పనిచేయవు. యాభై ఏళ్లనాటి రబ్బరును నమ్ముకుని మాంగో వంతెన ఎక్కడం సాహసమే అవుతుంది. తీగలపై తొడుగు పెళుసెక్కి రాలిపోయిన కార్లలో మంటలు లేచే ప్రమాదం కూడా ఉంది.

రెండో విడతలో చూడవలసింది పెట్రోలు మార్గం. ఈ కార్లు సీసం కలిపిన పెట్రోలు రోజుల్లో పుట్టినవి. సీసం లేని పెట్రోలే అమ్మాలన్న నియమం 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా అమలులోకి వచ్చింది. పాత ఇంజిన్లలో వాల్వులు కూర్చునే చోటును అరుగుదల నుంచి కాపాడింది ఆ సీసమే. కనుక ఇంజిను విప్పిన సందర్భంలో గట్టి లోహంతో చేసిన వాల్వు సీట్లు వేయించుకోవడం ఆనవాయితీ అయింది. ఇటీవలి సమస్య ఇథనాల్. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 నుంచి మార్కెట్‌లోకి వచ్చి 2025 నాటికి దేశమంతటా వ్యాపించింది. ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను, కార్బురేటర్‌లోని వాషర్లను మెత్తబరుస్తుంది. గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి కదలని కారులో ఇనుప ట్యాంకు లోపలి నుంచి తుప్పు పడుతుంది. ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు వేయించడం, బండిని తరచు కదుపుతూ ఉండటం తప్ప దీనికి వేరే మందు లేదు.

సీట్లు, లోపలి గుడ్డ, క్రోమియం పూత, రంగు వంటివి ఆ తరువాతి సంవత్సరాల్లో చేయించుకోవచ్చు. అంబాసిడర్ దశాబ్దాలపాటు పైకి ఒకే రూపంలో ఉన్నట్లు కనిపించినా, మార్క్-2 ముందరి జాలీ వేరు, మార్క్-4 జాలీ వేరు. కలకత్తాలో పదిహేనేళ్ల గడువు తీరి తుక్కుకు చేరిన పసుపు టాక్సీల సామాను దొరుకుతోంది కదా అని బిగించుకుంటూ పోతే చివరికి ఏ సంవత్సరానికీ చెందని కారు మిగులుతుంది.

ఎంత బాగుచేస్తే ఎక్కువ?

ఇక్కడే చట్టం అడ్డువస్తుంది. 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ హోదా కోరే వాహనం తొలి రూపంలోనే ఉండాలి. చాసిస్‌లోగానీ, బాడీ డొక్కులోగానీ, ఇంజినులోగానీ మార్పులు చేసి ఉండరాదు. అరిగిన బ్రేకులు, గొట్టాలు, తీగలు అదే తరహావి వేయించుకోవడం వేరు, మార్క్-2 అంబాసిడర్‌లో తొంభయ్యో దశకపు ఇసుజు ఇంజినునో, డీజిల్ ఇంజినునో దించడం వేరు. రెండోది చేసిన కారు పరుగు బాగుండవచ్చు, కానీ వింటేజ్ గుర్తింపు వదులుకోవలసి ఉంటుంది. మామూలు రిజిస్ట్రేషన్‌కూ ఇది ముప్పే. తయారీదారు నిర్దేశించిన స్వరూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చరాదని చట్టంలోని 52వ సెక్షన్‌ను ఉటంకిస్తూ సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పింది.

హోదా పొందడం వలన లాభమెంత అన్నది వేరే ప్రశ్న. కొత్తగా వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు రుసుము రూ. 20,000. అది పదేళ్లు చెల్లుతుంది. తిరిగి నమోదుకు రూ. 5,000. ఇదివరకే నంబరు ఉన్న బండి ఆ పాత నంబరును నిలుపుకోవచ్చు, కొత్తగా నమోదయ్యేవాటికి 'వి.ఎ.' అక్షరాలతో ప్రత్యేక శ్రేణి కేటాయిస్తారు. అయితే వింటేజ్‌గా నమోదైన వాహనాన్ని నిత్యావసరాలకు రోడ్డుపై నడపడానికి వీల్లేదు. ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, పెట్రోలు పోయించుకోవడం, మరమ్మతులు - ఇంతవరకే అనుమతి. ఆదివారం సాయంత్రం పిల్లలను ఎక్కించుకుని జూబిలీ పార్కుకు వెళ్దామనుకునే దంపతులకు ఈ హోదా పనికిరాదు. వారు మామూలు రిజిస్ట్రేషన్‌నే అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు ఈ పొడిగింపు రుసుమును కేంద్రం 2025 ఆగస్టులో రూ. 10,000కు పెంచింది. పాత వాహనాలపై ఢిల్లీ రాజధాని ప్రాంతంలో ఉన్న ఆంక్షలు జార్ఖండ్‌కు వర్తించవు.

హోదా కోరినా, కోరకపోయినా ప్రతి బిల్లునూ దాచుకోవడం, ప్రతి పనికీ ముందూ వెనుకా ఫొటో తీసి ఉంచడం మంచిది. ఏమి మార్చారో, ఏమి మార్చలేదో అధికారులకు చూపించగల ఆధారం అదే. ఆ లెక్కల పుస్తకానికి మరొక ఉపయోగం కూడా ఉంది.

బెర్తా బెంజ్ కట్నం

జంషెడ్‌పూర్ లారీల మీద ఒకప్పుడు కనిపించిన బెంజ్ పేరు వెనుక ఒక భార్య సొమ్ము ఉంది. జర్మనీలో కార్ల్ బెంజ్ పెట్టిన తొలి వర్క్‌షాపు భాగస్వామితో పొసగక మూతపడే స్థితికి చేరినప్పుడు, అతనికి కాబోయే భార్య బెర్తా 1871లో తన కట్నం సొమ్ములో కొంత ముందుగానే తెప్పించి ఆ భాగస్వామి వాటాను కొనిపించింది. మరుసటి ఏడాది వారి వివాహమైంది. మూడు చక్రాల మోటారు బండికి 1886 జనవరి 29న దాఖలైన పేటెంటు మాత్రం కార్ల్ ఒక్కరి పేరే.

బండి తయారైనా కొనేవారు లేరు. 1888 ఆగస్టులో బెర్తా భర్తకు చెప్పకుండా ఇద్దరు కుమారులను వెంటబెట్టుకుని మన్‌హైమ్ నుంచి వందకు పైగా కిలోమీటర్ల దూరంలోని పుట్టిల్లు ఫోర్జ్‌హైమ్‌కు అదే బండిలో బయలుదేరింది. ఇంధనపు గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకునే సూదితో శుభ్రం చేసింది. తీగ ఒరుసుకుపోతే మేజోడు పట్టీని తొడుగుగా చుట్టింది. దారిలో మందుల దుకాణంలో ఇంధనం కొన్నది. బ్రేకులు అరిగితే చెప్పులు కుట్టేవానిచేత తోలు వేయించింది. ఎత్తు రోడ్డు ఎక్కలేక పిల్లలచేత నెట్టించవలసి రావడంతో, బండికి మరో గేరు కావాలని తిరిగివచ్చాక భర్తకు చెప్పింది. ఆయన అమర్చాడు. దంపతులు కలిసి ఒక కారును వాడుతూ, లోపం కనిపెడుతూ, మెరుగుపరచుకున్న తొలి ఉదాహరణ ఇదే అనుకోవచ్చు. పేటెంటు కాగితంపై బెర్తా పేరు లేకపోవడం గమనార్హం.

నూట ముప్పై ఏళ్లు దాటాక మన దేశంలో పరిస్థితి మరీ భిన్నంగా ఏమీ లేదు. మోటారు వాహనాల చట్టం 1988లోని 41వ సెక్షన్ ప్రకారం వాహనం ఒకరికి మించిన వ్యక్తుల ఉమ్మడి సొత్తు అయినప్పుడు అందరి తరఫున ఒకరే రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేయాలి. ఆ ఒక్కరినే చట్టం యజమానిగా పరిగణిస్తుంది. ఇల్లు భార్యాభర్తల పేర కొనవచ్చు, బ్యాంకు ఖాతా ఇద్దరి పేర తెరవవచ్చు. కారుకు మాత్రం ఆ సౌకర్యం లేదు.

దీని పర్యవసానాలు కాగితానికే పరిమితం కావు. యజమానే బండి నడుపుతున్నప్పుడు వర్తించే తప్పనిసరి ప్రమాద బీమా 2018 నుంచి రూ. 15 లక్షలు. ఆ రక్షణ రిజిస్ట్రేషన్ పత్రంలో పేరున్న వారికే. అదే కారును రెండోవారు నడుపుతూ ప్రమాదానికి గురైతే ఈ పద్దు కింద సొమ్ము అందదు. వారి కోసం విడిగా అదనపు ప్రీమియం చెల్లించవలసి ఉంటుంది. మరోవైపు బాధ్యత కూడా పేరున్నవారి నెత్తినే పడుతుంది. కారు అమ్మివేసినా బదిలీ నమోదు కాకపోతే, ప్రమాద పరిహారానికి రిజిస్టరైన యజమానే బాధ్యుడని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో తేల్చింది. కొన్నవారు 30 రోజుల్లో బదిలీకి దరఖాస్తు చేయాలని, అమ్మినవారు రాష్ట్రంలోనైతే 14 రోజుల్లో, వెలుపలైతే 45 రోజుల్లో తెలియజేయాలని చట్టం చెబుతోంది.

మన ఇళ్లలో ఇటువంటి సరదాలకు సొమ్ము చాలక భార్య గాజులో, గొలుసో కుదువకు వెళ్లడం కొత్త కాదు. స్త్రీధనం పూర్తిగా భార్య సొత్తేనని, భర్త దానికి ఉమ్మడి హక్కుదారు కాడని సుప్రీంకోర్టు 1985లోను, తిరిగి 2024 ఏప్రిల్‌లోను స్పష్టం చేసింది. అవసరానికి వాడుకున్నా తిరిగి ఇవ్వవలసిన బాధ్యత భర్తకు ఉంటుందని కూడా పేర్కొంది. గొలుసు సొమ్ము ఏ నెలలో ఏ వర్క్‌షాపుకు వెళ్లిందో రాసిపెట్టిన పుస్తకం ఉంటేనే ఆ హక్కుకు అర్థం. బిల్లులు దాచుకోవడం వలన కలిగే రెండో ఉపయోగం ఇదే. సాధారణంగా ఎక్కువ సొమ్ము పెట్టినవారి పేరో, ఎక్కువగా నడిపేవారి పేరో పత్రంలో రాయించడం వాడుక. కానీ రెండింటికీ ఒకే మనిషి అయినప్పుడు రెండోవారి వాటా పుస్తకంలో తప్ప మరెక్కడా కనిపించదు.

బీమా విషయంలో మరొక జాగ్రత్త అవసరం. అయిదేళ్లు దాటిన కారుకు, తయారీ నిలిచిపోయిన నమూనాలకు విలువను కంపెనీ, యజమాని పరస్పర అంగీకారంతో నిర్ణయించుకోవాలి. బాగుచేయడానికి లక్షలు వెచ్చించిన బండిని ఏజెంటు అలవాటు కొద్దీ పది, ఇరవై వేలకు రాసేస్తే, నష్టం జరిగిన నాడు దక్కేది అంతే. ఇక్కడా ఆ బిల్లులే ఆధారం.

చట్టంలో ఉన్న లోటును కొంతవరకు పూడ్చే ఏర్పాటు 2021లో వచ్చింది. రిజిస్ట్రేషన్ పత్రంలో నామినీ పేరు చేర్చుకునేందుకు ఆ ఏడాది కేంద్రం మోటారు వాహనాల నిబంధనలను సవరించింది. కారు కొన్ననాడే కాక ఆ తరువాత ఎప్పుడైనా నామినీని చేర్చవచ్చు. విడాకులు, ఆస్తి పంపకం వంటి సందర్భాల్లో మార్చుకోవచ్చు. యజమాని మరణించిన పక్షంలో నామినీ 30 రోజుల్లోగా రవాణా అధికారికి తెలియజేసి మూడు నెలలపాటు ఆ వాహనాన్ని వినియోగించుకోవచ్చు. ఆ మూడు నెలల్లోపే 31వ నంబరు ఫారంలో దరఖాస్తు చేసి యాజమాన్యాన్ని తన పేరుకు మార్పించుకోవాలి.